బొట్టుబిళ్ల దగ్గర అరవై అయిదు

మాది 1978 నాటి షెవర్లే సి-10. వెనక ఇనప తొట్టి, లోపల ముగ్గురు భుజాలు ఆనించుకుని కూర్చునే ఒకే పొడుగాటి సీటు. 1973 నుంచి 1987 దాకా వచ్చిన ఈ పలకల మూతి బళ్లను ఇక్కడ 'స్క్వేర్ బాడీ' అంటారు. ఇర్వింగ్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసుకునేవాడికి ఈ బండెందుకని మా ఆవిడ రెండేళ్లుగా అడుగుతోంది. విజయవాడ నుంచి వచ్చిన మా నాన్న మాత్రం దాని చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద అరచేత్తో చరిచి, "రేకు మందంగా ఉందిరా" అన్నాడు. ముప్పై రెండేళ్లు లారీ నడిపిన మనిషి ఆయన. ఆ మాట నాకు చాలు.

థాంక్స్ గివింగ్ సెలవులకి అమ్మనీ నాన్ననీ ఎక్కించుకుని అమరిల్లో బయల్దేరాను. ఫోర్ట్‌వర్త్ దాటి యూఎస్ 287 పట్టుకుంటే వాయవ్యంగా ఒకటే రోడ్డు, మొత్తం దాదాపు 360 మైళ్లు. మా ఆవిడ పిల్లలతో ఇంట్లోనే ఉండిపోయింది. సీటులో చోటు లేదన్న సాకు ఆవిడకి బాగా కలిసొచ్చింది.

డెకేటర్ దాటాక మొదలైంది. నేను తొక్కేది ఒకటే తొక్కుడు, ముల్లు మాత్రం 40కీ 60కీ మధ్య గోడగడియారం లోలకంలా ఊగుతోంది. డాష్‌బోర్డు వెనక నుంచి కిచకిచమని చప్పుడు.

"పిచికేమన్నా దూరిందేమోరా," అంది మధ్యలో కూర్చున్న అమ్మ.

"పిచికా కాదు, కాకీ కాదు. కేబులు ఎండిపోయింది," అన్నాడు నాన్న, కిటికీలోంచి చూపు తిప్పకుండానే.

పండగ రోజు. దారిలో ఒక్క విడిభాగాల కొట్టూ తెరిచి లేదు. ఫోన్‌లో వేగం చూడొచ్చు గదా అంటారు. చూశాను, చార్జి అయిపోయేదాకా. 1978 నాటి సిగరెట్ లైటర్ పనిచేస్తుందనుకుని బయల్దేరడం నా తెలివి.

ఈ రోడ్డుకో గుణం ఉంది. బయట 75 అని బోర్డు ఉంటుంది. ఊరు రాగానే 55, 45, వెంటనే 35. ఊరంటే నాలుగు కొట్లు, ఒక నీళ్ల ట్యాంకు, ట్యాంకు నీడలో ఒక పోలీసు కారు. అలాంటి ఒక ఊళ్లో ముల్లు 25కీ 45కీ మధ్య ఆడుతుంటే సగటున 35 అని లెక్కేసుకుని వెళ్తున్నాను. వెనక ఎర్రదీపం, నీలిదీపం. రాడార్‌లో 46 అట. ముల్లు సంగతి చెప్పాను. అతను కిటికీలోంచి తల పెట్టి చూశాడు. బండి ఆగి ఉంది కాబట్టి ముల్లు సున్నా మీద బుద్ధిగా కూర్చుంది. నమ్మాడో లేదో గానీ హెచ్చరిక కాగితం ఒకటి చేతికిచ్చి, ముందు అది బాగుచేయించుకోమన్నాడు.

"సగటు లెక్క కట్టకూడదురా," అన్నాడు నాన్న ఊరు దాటాక. "కేబులు పట్టేసినప్పుడు ముల్లు తగ్గుద్ది, వదిలినప్పుడు ఎగిరి పడుద్ది. రెంటికీ మధ్యలో నిజం ఉంటదని ఎవడు చెప్పాడు?"

మరి ఆయనేం చేసేవాడని అడిగాను. చెన్నై–కలకత్తా రోడ్డు మీద ఆయన నడిపిన లారీకి ఏళ్ల తరబడి మీటరు పనిచెయ్యలేదు. ఇంజిను గొంతు ఎలాగూ తెలుస్తుంది. అనుమానం వచ్చినప్పుడు కిలోమీటరు రాళ్లు. రాయి దాటగానే చేతి గడియారం చూడ్డం, పక్క రాయి దగ్గర మళ్లీ చూడ్డం. అరవై సెకన్లయితే అరవై. తొంభై అయితే నలభై. క్లీనరు కుర్రాళ్లకి నిద్ర పట్టకుండా ఈ లెక్కలే వేయించేవాడట.

287 మీద ఆ సదుపాయం లేదు. ఆయన మైలురాళ్ల కోసం వెతికి వెతికి విసుక్కున్నాడు. క్వానా దగ్గర, ఆ ఊరికి కొమాంచీల చివరి పెద్ద క్వానా పార్కర్ పేరు పెట్టారని చెబితే ఊఁ కొట్టాడు. చిల్డ్రెస్ దాటి మెంఫిస్ వచ్చేసరికి మాత్రం బండి ఆపమన్నాడు. రెండు పక్కలా పత్తి చేలు, కోతలయిపోయి, పసుపు రంగు ప్లాస్టిక్ చుట్టిన గుండ్రటి పత్తి మోపులు చేనంతా దొర్లి ఉన్నాయి. ఒక్కొక్కటీ మా బండి ఎత్తుంది. గుంటూరు యార్డుకి పత్తి బోరేలు తోలిన మనిషి, కంచె దగ్గర నిలబడి, "మనుషులేరిరా?" అన్నాడు. ఒక్కళ్లూ లేరు.

మర్నాడు అమరిల్లోలో కొట్టు తెరవగానే కేబులూ, గ్రాఫైటు కలిపిన కందెన ట్యూబూ తెచ్చాను. మోటెల్ ముందు, వేళ్లు కొంకర్లు పోయే చలిలో పని. ఈ బళ్లలో మీటరు వెనక కేబులు చిన్న నొక్కుడు పట్టీతో ఉంటుంది. నొక్కి లాగాలి. నా చెయ్యి లోపలికి పోలేదు. నాన్న సన్నటి చెయ్యి మణికట్టు దాటి మోచేతి దాకా పోయింది. "దొరికింది" అన్నాక కూడా రెండు నిమిషాలు పట్టింది. ఆయన ముఖంలో ఉన్న తృప్తి చూసి నేను తొందరపెట్టలేదు.

లోపలి తీగ బయటికి లాగితే తెలిసింది. ఎముకలా ఎండిపోయింది. ఇంజినుకీ క్యాబిన్‌కీ మధ్య రేకు దాటేచోట రబ్బరు వాషరు పోయి, తొడుగు అక్కడ బిగుతుగా వంగి, తీగ ఒకవైపు అరిగి మెరుస్తోంది. నాన్న దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఒక కొస తిప్పాడు. మంచిదైతే రెండో కొస నున్నగా తిరగాలి. ఇది ఆగి, ఆగి, టక్కున గెంతింది. నిన్నటి ముల్లు ఆట మొత్తం అందులో కనిపించింది.

కందెన పూయడంలో ఆయన నన్ను గదమాయించాడు. కింద గేరుబాక్సు వైపు నుంచి మూడింట రెండు వంతులకే పూయాలి, పైన జానెడు పొడిగా వదలాలి. తిరిగే తీగ మరమేకులా నూనెను పైకి ఎక్కించుకుపోతుంది. నిండా గ్రీజు కొట్టేస్తే నెల తిరక్కుండా మీటరు లోపలికి పాకి ముల్లుని జిగటలో ముంచుతుందట. "ఆటోనగర్‌లో నేర్చుకునే కుర్రాళ్లందరూ మొదటిసారి చేసే తప్పు అదే. నేనూ చేశా."

మీటరు లోపలేముందో ఆయనకి చెప్పే వంతు నాకొచ్చింది. కేబులు కొసన ఒక అయస్కాంతం తిరుగుతుంది. దాని మీద బోర్లించినట్టు అల్యూమినియం గిన్నె. రెండూ తాకవు. అల్యూమినియాన్ని అయస్కాంతం అంటించుకోదు గానీ, తిరుగుతున్నప్పుడు గిన్నెలో కరెంటు సుడులు పుట్టి దాన్ని తనతో ఈడుస్తుంది. వెంట్రుకంత స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఆ లాగులాట ఎక్కడ తేలితే ముల్లు అక్కడ. 1902లో ఓటో షుల్జ్ అనే జర్మన్ పేటెంటు తీసుకున్న పద్ధతి ఇదే.

"అంటే ముల్లుకీ చక్రానికీ ముట్టుకునే సంబంధమే లేదా?" అన్నాడు. ముప్పై రెండేళ్లు దాని ముందు కూర్చున్నందుకు కొంచెం కోపంగానే.

శనివారం పొద్దున ఐ-40 మీద పడమరకి బయల్దేరాం. ముల్లు అరవై దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. అమ్మ కూడా మెచ్చుకుంది. ఇక్కడ మైలు మైలుకీ ఆకుపచ్చ బోర్డు ఉంది, నాన్నకి ప్రాణం లేచొచ్చింది. బోర్డు దాటగానే గడియారం చూశాడు. పక్క బోర్డు దగ్గర, "యాభై అయిదు," అన్నాడు. ఇంకో మైలు. మళ్లీ యాభై అయిదు. 3600ని 55తో భాగిస్తే అరవై అయిదు పైచిలుకు. కుదురుగా నిలబడ్డ ముల్లు కుదురుగా అబద్ధం చెబుతోంది. ఊగినప్పుడు కనీసం అనుమానం ఉండేది.

ఏడ్రియన్‌లో ఆగాం. పాత రూట్ 66కి సరిగ్గా నడిమి ఊరు. షికాగోకి 1139 మైళ్లు, లాస్ ఏంజిలిస్‌కి 1139 అని బోర్డుంది. అందరూ బోర్డు దగ్గర ఫొటోలు దిగుతుంటే నాన్న మా బండి టైరు దగ్గర గొంతుకు కూర్చున్నాడు. ముందు కొన్నవాడు ఎత్తుగా కనిపించాలని 31 అంగుళాల టైర్లు వేయించాడు. పాత టైరు మైలుకి సుమారు 720 చుట్లు తిరిగితే ఇది 670 దాకా తిరుగుతుంది. మీటరు మాత్రం మైలుకి వెయ్యి కేబులు చుట్లు వస్తాయనే నమ్ముకుని ఉంది. ఆ వెయ్యి అందాలంటే గేరుబాక్సు పక్కనున్న చిన్న ప్లాస్టిక్ గేరు మార్చాలి. ఆ పని రోడ్డు పక్కన అయ్యేది కాదు.

"ఇంటికెళ్లేదాకా?" అన్నాను.

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి బొట్టుబిళ్లల అట్ట తీసింది. మెరూన్ బిళ్ల ఒకటి, మీటరు అద్దం మీద సరిగ్గా 60 అంకె పక్కన అంటించాడు. "ముల్లు ఇక్కడికొస్తే అరవై అయిదు. దాటనివ్వకు." తిరుగు ప్రయాణంలో ప్రతి ఊళ్లోనూ పోలీసు కార్లను చూసుకుంటూ, ముల్లు చూపే దాని మీద మరో మూడు నాలుగు మైళ్లు కలుపుకుంటూ వచ్చాం. ఎవరూ ఆపలేదు.

వాళ్లు జనవరిలో వెళ్లిపోయారు. ఆ తర్వాత ఒక ఆదివారం బండి కింద దూరి గేరు తీశాను. పాతదానికి 18 పళ్లు, కొత్తదానికి 17. పనిలో పనిగా గట్టిపడిపోయిన రబ్బరు సీలు కూడా మార్చాను, గేరుబాక్సు నూనె అక్కడినుంచే కేబుల్లోకి పాకడం మొదలుపెడుతుంది. మళ్లీ బోర్డుల లెక్క. నిజం 65 ఉంటే ముల్లు 63. 17కీ 16కీ మధ్య అరపన్ను ఎవడూ చేయడు గదా.

రాత్రి ఫోన్ చేసి చెప్పాను. రెండు మైళ్ల తేడాకి ఆయన ఏమీ అనలేదు. "బిళ్ల పీకేశావా?" అని మాత్రం అడిగాడు.

లేదన్నాను. ఇప్పుడది తప్పుచోట ఉంది, మూడు మైళ్లు ఇవతల. గేరు మార్చింది నేనే అయినా, 63 దగ్గర ముల్లు ఉన్నప్పుడు నా చూపు ముందు ఆ మెరూన్ చుక్క మీదే పడుతోంది.