మామయ్య గీసిన గీత

వేసవి సెలవుల్లో గూడూరులో రైలెక్కి, రేణిగుంట మీదుగా చిత్తూరు పక్క అమ్మమ్మ ఊరికి పోయేవాళ్లం, ద్రౌపదమ్మ తిరునాళ్లకు. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. చివరి రోజు పొద్దున దుర్యోధన వధ. నేల మీద పెద్ద మట్టి బొమ్మ, తొడలో ఎర్రనీళ్ల కుండ.

భీముడు మా మామయ్య. గద నిజం కర్రే. రాత్రంతా ఆడిన ఒళ్లు, మీదపడే జనం. ఒక ఏడు ఆయన గద వెనక్కి ఊపితే నా చెవి పక్కన గాలి కొట్టింది. ఆట ఆపేశాడు. అమ్మవారి ఆట ఆపకూడదని పెద్దలు కేకలేశారు. పలకలేదు. గదతోనే చుట్టూ గీత గీసి, "ఇది దాటితే కొట్టను" అన్నాడు.

మరుసటేడు సున్నంతో గీశారు. కాపలా నేనే.