ఫోన్ పిల్లల చేతికిచ్చే ముందు



పొద్దున్న అటెండెన్స్ తీసుకున్న కాసేపటికి, రాని పిల్లల ఇళ్ళకి మన స్కూల్ నుంచి ఒక రికార్డెడ్ కాల్ వెళుతుంది. "మీ పాప ఈ రోజు స్కూల్‌కి రాలేదు" అని ఒక గొంతు చెప్పి పెట్టేస్తుంది. ప్రభుత్వ పథకం బాగుంటే ఒకటి నొక్కండి, బాగోకపోతే రెండు నొక్కండి అనే ఐవీఆర్ఎస్ కాల్స్ మన రాష్ట్రంలో అందరికీ తెలిసినవే. గ్యాస్ బుక్ చేసినా, బ్యాంకుకి ఫోన్ చేసినా ముందు పలికేది రికార్డింగే. అవతల మనిషి లేకపోయినా ఆ గొంతు చెప్పిన అంకె నొక్కడం మనందరికీ అలవాటైపోయింది. మోసగాళ్ళు వాడుకునేది సరిగ్గా ఆ అలవాటునే.

ఈ నెల ఇంగ్లీష్ టీచర్ గ్రామర్ వదిలేసి ఫోన్ల గురించి రాస్తోందేమిటి అనుకోకండి. రెండిటికీ సంబంధం ఉంది.

మా ఏడో తరగతిలో ఒక పాప ఉంది. వాళ్ళది కొల్లేటి పక్కన ఒక ఊరు. నాన్నగారు చేపల చెరువులు చేస్తారు. మేత లెక్క, లీజు లెక్క కాగితం లేకుండా నోటితో చెప్పగలిగిన మనిషి. ఒక సాయంత్రం ఆయన ఫోన్‌కి రికార్డెడ్ కాల్ వచ్చింది. రెండు గంటల్లో మీ నంబర్ కట్ అయిపోతుంది, వివరాలకి తొమ్మిది నొక్కండి అని ఇంగ్లీషులోనూ హిందీలోనూ చెబుతోంది. ఆయన పక్కనే హోమ్‌వర్క్ చేసుకుంటున్న కూతురి చేతిలో ఫోన్ పెట్టి, "ఏవంటన్నాడో చూడమ్మా, నీకు ఇంగ్లీష్ వచ్చు కదా" అన్నారు. పాప తొమ్మిది నొక్కింది. ఈసారి మనిషే లైన్లోకి వచ్చాడు. మీ నాన్న ఆధార్ మీద ముంబైలో ఇంకో సిమ్ ఉంది, దాని మీద కేసు ఉంది, పోలీస్ ఆఫీసర్‌కి కలుపుతున్నాం, ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు అన్నాడు. పన్నెండేళ్ళ పిల్ల ఒక్కో వాక్యం విని వణుకుతూ నాన్నకి తెలుగులో చెప్పింది.

డబ్బు పోలేదు. పోకపోవడానికి కారణం వాళ్ళ మామ్మగారు. వంటింట్లోంచి వచ్చి, "పోలీసోడైతే కైకలూరు నుంచి జీపేసుకుని రమ్మను. ఫోన్లో ఈ అరుపులేంటి?" అని ఫోన్ లాక్కుని కట్ చేసేశారు. ఇంట్లో అందరూ నవ్వుకున్నారు. పాప మాత్రం నవ్వలేదు. తను ఏదో మాట తప్పుగా చెప్పిందేమో, అందుకే మామ్మ నమ్మలేదేమో, రేపు నిజంగానే పోలీసులొచ్చి నాన్నని తీసుకెళ్తారేమో అని పది రోజులు భయపడింది. క్లాసులో గేటు వైపే చూస్తూ కూర్చునేది. రీడింగ్‌కి లేపితే గొంతు వచ్చేది కాదు. ఏమైందమ్మా అని అడిగితే చెప్పలేదు. ఎవరికీ చెప్పకూడదన్నాడు కదా, ఆ మాట మీదే ఉండిపోయింది. చివరికి ఒక రోజు లంచ్ టైములో ఏడుస్తూ చెప్పింది.

మనం పిల్లల్ని ఇంగ్లీష్ మీడియంలో చేర్పించేది రేపు పెద్ద కాలేజీలో, పెద్ద ఉద్యోగంలో తల ఎత్తుకుని నిలబడాలని. ఆ దారిలో వాళ్ళకి ఇంకో పని కూడా తెలియకుండానే అప్పగిస్తున్నాం. ఇంటికి ఇంగ్లీషులో ఏ ఫోన్ వచ్చినా, ఏ మెసేజ్ వచ్చినా అర్థం చెప్పే దుబాసీ పని. ఏలూరు పవర్‌పేటలో ఉన్నా, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ దగ్గర ఉన్నా, ఆకివీడు చెరువుల మధ్య ఉన్నా చాలా ఇళ్ళల్లో ఇదే తీరు. ఒక మాటకి అర్థం చెప్పడం పిల్లలకి వచ్చు. ఆ మాట నిజమా అబద్ధమా తేల్చడం పెద్దవాళ్ళ పని. దానికి ఇంగ్లీష్ అక్కర్లేదు. ఆ మామ్మగారికి ఒక్క ముక్క రాదు.

ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్ళు మోసపోరని కూడా అనుకోవద్దు. 2024లో లూధియానాలో వర్ధమాన్ గ్రూప్ చైర్మన్ ఎస్.పి. ఓస్వాల్ గారు, 82 ఏళ్ళ పారిశ్రామికవేత్త, ఇలాంటి ముఠా చేతిలో 7 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారు. వీడియో కాల్‌లో ఏకంగా నకిలీ సుప్రీంకోర్టునే నడిపించారు. ఒకడు అప్పటి ప్రధాన న్యాయమూర్తిగా కూడా నటించాడు. మన చట్టంలో 'డిజిటల్ అరెస్ట్' అనేదే లేదు. 2024 అక్టోబర్ 27న మన్ కీ బాత్‌లో ప్రధానమంత్రి ఈ మాటే చెప్పారు. 2025 డిసెంబర్ 1న సుప్రీంకోర్టు ఈ కేసుల దర్యాప్తు సీబీఐకి అప్పగించింది. ఏ పోలీసూ, ఏ జడ్జీ వీడియో కాల్‌లో అరెస్ట్ చేయరు, డబ్బు అడగరు.

కొల్లేటిలో చేపలకి మావులు పెట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. చేప లోపలికి వెళ్ళడానికి దారి సులువు, వెనక్కి రావడానికే ఉండదు. ఈ కాల్స్ కట్టుబడీ అంతే. తొమ్మిది నొక్కడం సులువు. తర్వాత తొందర పెడతారు, భయపెడతారు, లైన్ కట్ చేయొద్దంటారు, ఎవరితోనూ మాట్లాడనివ్వరు. ఆ చివరి మాట వినిపించిందంటే అవతలివాడు దొంగే. నిజమైన ఆఫీసు ఏదీ ఇంట్లోవాళ్ళకి చెప్పొద్దని అనదు.

పాప సంగతి తెలిశాక, వాళ్ళ ఇంట్లో అడిగి ఒప్పుకున్నాక, పేరు చెప్పకుండా క్లాసులో ఒక పీరియడ్ దీనికే కేటాయించాను. ఇద్దరిద్దరిని నిలబెట్టి రోల్ ప్లే చేయించాను. ఒకరు ఫోన్ చేసే 'ఆఫీసర్', ఒకరు ఫోన్ ఎత్తిన పిల్ల. నేర్పిన ఇంగ్లీష్ రెండే వాక్యాలు. "ఐ యామ్ ఎ చైల్డ్. ఐ యామ్ కటింగ్ ద కాల్." సారీ అనొద్దు, ప్లీజ్ అనొద్దు, జవాబు కోసం ఆగొద్దు అని చెప్పాను. వాక్యాలు ఇట్టే వచ్చేశాయి. కట్ చేయడమే రాలేదు. "పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఎలా కట్ చేస్తాం మిస్?" అని ముగ్గురు నలుగురు అడిగారు. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పొద్దని మనం నేర్పింది ఎంత బాగా ఒంటబట్టిందో చూడండి. ఎదురుగా ఉన్న పెద్దవాళ్ళకి ఆ మర్యాద ఉండాల్సిందే. ముఖం తెలియని గొంతుకి అక్కర్లేదని వాళ్ళకి విడిగా చెప్పాలి. యూనిట్ టెస్ట్ సిలబస్ అవ్వకుండా ఇదంతా ఎందుకండీ అని ఒక పేరెంట్ అడిగారు. ఆ అడగడంలో తప్పు లేదు. ఆ పీరియడ్ శనివారం తీసుకుని సిలబస్ పూర్తి చేశాను.

ఇప్పుడు మీ వంతు. పేరెంట్స్‌కి వచ్చే అన్ని కాల్స్‌లో ఘోరమైనది ఒకటుంది. "మీ అబ్బాయి పోలీసుల దగ్గర ఉన్నాడు, డబ్బు పంపితే వదిలేస్తాం" అనేది. 2024లో ఆగ్రాలో ఒక ప్రభుత్వ స్కూల్ టీచర్‌కి కూతురు కేసులో ఇరుక్కుందని ఇలాగే వాట్సాప్ కాల్ వచ్చింది. ప్రొఫైల్‌లో పోలీసు ఫోటో ఉంది. నిజానికి ఆ అమ్మాయి కాలేజీలో క్షేమంగా ఉంది. తల్లి మాత్రం ఆ భయానికే గుండె ఆగి చనిపోయారు. ఈమధ్య గొంతుని అచ్చంగా అనుకరించే సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చాయి కాబట్టి ఏడుపు వినిపించినా నమ్మేయకండి. ముందు కట్ చేయండి. డైరీలో ఉన్న స్కూల్ నంబర్‌కి, క్లాస్ టీచర్ నంబర్‌కి మీరే ఫోన్ చేయండి. ఆ నంబర్లు ఈ రోజే పేరుతో సేవ్ చేసుకోండి. ఇంట్లో అందరికీ తెలిసిన ఒక గుర్తు మాట పెట్టుకోండి. కుక్కపిల్ల పేరైనా సరే, మామ్మ చేసే పిండివంట పేరైనా సరే. ఆపదలో ఉన్నామని ఫోన్ వస్తే ఆ మాట అడగండి.

ఫీజు, స్కాలర్‌షిప్, తల్లికి వందనం, ఏ పేరు చెప్పినా ఓటీపీ ఇవ్వకండి. యూపీఐ పిన్ మనం డబ్బు పంపడానికే. మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. వాట్సాప్‌లో పెళ్ళి కార్డు అనో, చలానా అనో ఏపీకే ఫైల్ వస్తే తెరవకండి.

మామూలు ప్రకటనల కాల్స్ గోల తగ్గాలంటే ఇంగ్లీష్ అక్షరాల్లో 'స్టార్ట్' అని, కాస్త ఖాళీ వదిలి సున్నా కొట్టి 1909కి ఎస్ఎంఎస్ చేయండి. 140తో మొదలయ్యే నంబర్లు ప్రకటనలవి. బ్యాంకుల్లాంటి సంస్థల సర్వీస్ కాల్స్‌కి 1600 సిరీస్ కేటాయించారు. దొంగలు ఈ రూల్స్ ఏవీ పాటించరు కాబట్టి 1909తో వాళ్ళు ఆగరు. అలాంటి కాల్ వస్తే, డబ్బు పోకపోయినా సంచార్ సాథీలో 'చక్షు' అనే చోట రిపోర్ట్ చేయొచ్చు. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా అక్కడే చూసుకోవచ్చు. ఆ పాప వాళ్ళ నాన్నగారితో నేను చేయించిన మొదటి పని అదే. ఆయన పేరు మీద ఉన్నవి రెండే, రెండూ ఇంట్లోవే. అది స్క్రీన్ మీద కళ్ళారా చూశాకే పాప భయం తగ్గింది.

డబ్బు పోతే మాత్రం వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత పోయింది, ఎప్పుడు పోయింది, ఏ ఖాతా, ట్రాన్సాక్షన్ నంబర్ ఏమిటి అనేవి దగ్గర పెట్టుకోండి. దొంగలు ఆ డబ్బుని ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి వరసగా మార్చేస్తారు. మధ్యలో ఆపగలిగితేనే దొరుకుతుంది. తాడేపల్లిగూడెంలో నాకు తెలిసిన ఒకాయన వ్యాపారం డబ్బు పోయిందని నాలుగు రోజులు భార్యకి కూడా చెప్పలేదు. పరువు పోతుందనుకున్నారు. ఐదో రోజు 1930కి ఫోన్ చేసేసరికి ఆ ఖాతాలో ఏమీ మిగల్లేదు. ఓస్వాల్ గారు అంత పేరున్న మనిషి అయ్యుండి బయటికి వచ్చి ఫిర్యాదు చేయబట్టి, పోలీసులు 5 కోట్ల 25 లక్షలు వెనక్కి రాబట్టగలిగారు. మోసపోయినవాళ్ళని ఇంట్లో తిట్టకండి. ఈ రోజు నాన్నని అమ్మ తిట్టడం చూసిన పిల్లాడు, రేపు తనకేదైనా జరిగితే మీకు చెప్పడు.

ఈ ఆదివారం ఒక పావుగంట మామ్మ, తాతయ్యలతో సహా అందరూ కూర్చోండి. తెలియని కాల్ ఎవరు ఎత్తాలో, గుర్తు మాట ఏమిటో తేల్చుకోండి. 1930, 1909, స్కూల్ నంబర్ పెద్ద అక్షరాలతో కాగితం మీద పిల్లల చేతే రాయించి, ఫ్రిజ్ మీద అంటించండి. ఆ తర్వాత ఇంగ్లీషులో ఏ కాల్ వచ్చినా పిల్లలకి ఇవ్వకండి, కట్ చేయండి. నిజంగా అవసరమైనవాళ్ళు మళ్ళీ చేస్తారు, లేదా కాగితం పంపుతారు.

ఏ కాల్ గురించైనా అనుమానం వస్తే నా నంబర్ డైరీ రెండో పేజీలో ఉంది. క్లాసులో ఉంటే ఎత్తలేను. పీరియడ్ అవ్వగానే నేనే తిరిగి చేస్తాను.

మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్