కాడి బరువు

బీదరులో నివసించు తెలుగువారు ఇట్టి సంచికకు వ్యాసము వ్రాయవలెనన్న, కోటను గూర్చియో, 1472లో పూర్తియైన మహమూద్ గవాను మదరసాను గూర్చియో, బిద్రీ పనితనమును గూర్చియో వ్రాయుట వాడుక. ఆ పని మాకంటె తెలిసిన పెద్దలు చేయుచునే ఉన్నారు. మేము ఒక బండిని గూర్చి వ్రాయదలచినాము. అది సరకులు మోయు చిన్న మోటారు. జనులు పికప్పు అందురు. దాని వెనుక, రాత్రి పండుకొనుటకు వీలైన ఒక చిన్న ట్రైలరును కట్టుకొని ఏడుపాయల జాతరకు పోవలెనని మా ఇంటిలో సంకల్పము కలిగినది. సంకల్పము మా అమ్మగారిది. ఆమెకు ఎనుబది ఏండ్లు సమీపించినవి.

ఏడుపాయల మెదకు జిల్లాలో, మంజీర ఏడు పాయలుగా చీలిన చోట ఉన్నది. వనదుర్గమ్మకు శివరాత్రి నాడు మొదలై మూడు దినములు అక్కడ జాతర జరుగును. అలంకరించిన బండ్లు గుడి చుట్టు తిరుగుట ఆ జాతరలో అందరు ఎదురుచూచు ఘట్టము. మన బీదరు పీఠభూమికి ఉత్తరముగా, కోట గోడమీద నిలిచి చూచిన కనబడు లోయలో పారునది ఆ మంజీరయే. మా మాతామహుల గ్రామము నారాయణఖేడు తాలూకాలోనిది. 1956 నవంబరు 1వ తేదీన బీదరు జిల్లా మూడు ముక్కలైనది. బీదరు, భాల్కి, హుమనాబాదులు మైసూరుకును, జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకును, ఉద్గీరు, నీలంగ, అహమద్‌పూరులు బొంబాయి రాష్ట్రమునకును పోయినవి. ఆ సరిహద్దు మా అమ్మగారికి నేటికిని మనసున పట్టలేదు. పుట్టింటికి పోవుటను రాష్ట్రము దాటుట అని ఆమె ఒప్పుకొనరు.

ఆమె చిన్ననాట ఏడుపాయలకు పోయినది గూడుబండిలో. వెదురు బద్దలను విల్లువలె వంచి, పైన చాప కప్పి, లోపల వరిగడ్డి పరచి దానిపై బొంత వేసెడివారు. ఇరుసు క్రింద లాంతరు, ప్రక్కన నీళ్ళ బిందె. రాత్రి ఎక్కడ చీకటి పడిన అక్కడ మూడు రాళ్ళు పెట్టి వంట, బండిలోనే నిద్ర. ఇప్పుడు పడమటి దేశములలో కారవాను అని వేల డాలర్లు పోసి కొనునది ఇంతకంటె ఏమున్నదని మాకు తోచును. కారవాను అను మాట కూడ పారసీకముననే పుట్టినది. గోలకొండ కాలపు వర్తకుల బిడారుల పేరిట హైదరాబాదులో కార్వాన్ అను పేట నేటికిని ఉన్నది. మన చుట్టుప్రక్కల తాండాలలోని లంబాడీల పూర్వులు ఎద్దులపై ధాన్యము వేసుకొని, మొగలాయి సైన్యముల వెంట దేశమంతయు తిరిగినవారే. దారిలో ఇల్లు కట్టుకొనుట దక్కనుకు ఎవరును నేర్పనక్కరలేదు.

మా తాతగారు బండి కట్టునప్పుడు, సామాను అంతయు సర్దిన పిదప, ఎద్దులను కట్టక మునుపు, నొగ కొనను రెండు చేతులతో ఎత్తి చూచెడివారట. బరువు ముందుకు ఎక్కువ పడిన కాడి ఎద్దుల మెడలను నలుపును. వెనుకకు పడిన నొగ పైకి లేచి మెడతాళ్ళు గొంతులను బిగించును. చేతికి కొంచెము భారముగా తోచువరకు ఆయన బియ్యపు మూటను జానెడు ముందుకు, బెత్తెడు వెనుకకు జరుపుచు ఉండెడివారు. ఈ మాట అమ్మగారు చెప్పినపుడు మేము వేడుకగా విన్నాము. దాని విలువ బీదరులోని మా మెకానిక్కు ఉస్తాదుగారి షెడ్డులో తెలిసినది.

పికప్పు మన సీమకు క్రొత్త గాదు. 1942లో స్థాపితమైన హైదరాబాదు ఆల్విన్ సంస్థ, జపాను వారి నిస్సాన్‌తో కూడి 1980లలో జహీరాబాదులో చిన్న లారీల కర్మాగారము నెలకొల్పినది. తరువాత అది మహీంద్రావారి పరమైనది. అందుచేత ఈ తరగతి బండ్ల మరమ్మతు ఎరిగిన చేతులు ఈ చుట్టుప్రక్కల తక్కువ గాదు. కాని మరమ్మతు వేరు, ట్రైలరు లాగుటకు బండిని సిద్ధపరచుట వేరు. మిత్రులు తలకొక సలహా ఇచ్చిరి. ఒకరు ఇంజను శక్తి పెంచవలె ననిరి. ఒకరు వెనుక కమాను కట్టలో ఇంకను రెండు పట్టీలు వేయుమనిరి. ఇంకొకరు పెద్ద చక్రములు వేయించుమనిరి. అది బండికంటె వారి కంటికి అవసరమని మా అనుమానము. ఉస్తాదుగారు అందరి మాటలు విని, "లాగుట సరే సాబ్, బీదరు గుట్ట దిగునప్పుడు ఆపేది ఎవరు?" అని అడిగినారు.

ఆ ప్రశ్నలోనే సగము యంత్రశాస్త్రమున్నది. కదలు వస్తువులోని శక్తి వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి 80కి చేరిన, దానిని ఆపుటకు బ్రేకులు మ్రింగవలసిన శక్తి రెట్టింపు గాదు, నాలుగింతలు. సామానుతో మా ట్రైలరు తూగవలసినది 800 కిలోలు. ఆ భారమంతయు పికప్పు బ్రేకులపైననే పడిన, దిగుడు దారిలో డ్రమ్ములు కాగి బ్రేకు పట్టు సడలును. ఐరోపా దేశములలో 750 కిలోలు దాటిన ట్రైలరుకు సొంత బ్రేకులు ఉండితీరవలెనని నియమము. మేమును తోపుడు బ్రేకులు గల ట్రైలరునే ఎంచుకొన్నాము. ముందు బండి వేగము తగ్గగానే ట్రైలరు దానిమీదికి తోసుకొని వచ్చును గదా. ఆ తోపునకే కొక్కెములోని కడ్డీ వెనుకకు జరిగి ట్రైలరు చక్రముల బ్రేకులను పట్టించును. తన దుడుకుతనమే తన్ను ఆపునట్టి ఈ ఏర్పాటు మాకు మిక్కిలి నచ్చినది. ఎద్దుబండికి ఈ భాగ్యము లేకపోయినది. టైరుబండ్లు వచ్చిన పిదప బరువు పెరిగినది, చక్రము తేలికగా దొర్లినది, బ్రేకు మాత్రము రాలేదు. దిగుడులో భారమంతయు ఎద్దుల మెడలే ఆపవలసివచ్చినది. బెంగుళూరు ఐ.ఐ.ఎం.కు తొలి డైరెక్టరైన ఎన్.ఎస్. రామస్వామిగారు ఎద్దుబండి సంస్కరణకై ఏండ్ల తరబడి పాటుపడినారు. పెద్ద చదువుల విద్యాలయమున కూర్చుండి ఎద్దు మెడను గూర్చి ఆలోచించుట చిన్న సంగతి గాదు.

ఇక కమాను పట్టీల సంగతి. ట్రైలరు ముక్కు కొక్కెముపై మోపు బరువు మొత్తము బరువులో సుమారు పదవవంతు ఉండవలెనని వాడుక. మా లెక్కలో 80 కిలోలు. అంతకు మిక్కిలి తగ్గిన ట్రైలరు తోక అటునిటు ఊగి, ముందు బండినే దారి తప్పించును. ఈ 80 కిలోలు వెనుక ఇరుసుపై 80గా పడవు. మా బండి ఇరుసుల నడుమ దూరము 3 మీటర్లు. కొక్కెము వెనుక ఇరుసుకు 1.2 మీటర్లు వెనుకగా ఉన్నది. తరాజు సూత్రము ప్రకారము వెనుక ఇరుసుపై 112 కిలోలు పడును, ముందు ఇరుసుపైనుండి 32 కిలోలు లేచిపోవును. మలుపు తిప్పునవి ముందు చక్రములే గదా. వాని పట్టు అంత తగ్గును. పట్టీలు చేర్చిన బండి వెనుక కుంగక నిలుచును గాని, ముందు నుండి లేచిన బరువు తిరిగి రాదు. ఇరుసు ఓర్పు గాని, రిజిస్ట్రేషను పత్రములో వ్రాసిన మొత్తము బరువు గాని పట్టీలతో పెరుగవు. ఆ కారణముచేత పికప్పు తొట్టిలో సామాను తగ్గించుటయే మేలని తేలినది.

చట్టము కూడ ఉస్తాదుగారి పక్షముననే ఉన్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్ణయించిన రూపమునకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఆ మాటనే గట్టిపరచినది. ట్రైలరు కూడ ఆ చట్టము దృష్టిలో మోటారు వాహనమే కనుక దానికి రిజిస్ట్రేషను వేరుగా కావలెను. ఇంజను పెంచు ముచ్చట అంతటితో ముగిసినది. బండి ఇంత లాగవచ్చునని తయారీదారు చెప్పనిచో దానికి ట్రైలరు కట్టకుండుటే మంచిదని మా అభిప్రాయము.

ఇక చేయించినవి ఆర్భాటము లేని పనులు: బ్రేకు లైనింగులు క్రొత్తవి, క్లచ్చి ప్లేటు క్రొత్తది, రేడియేటరు లోపల కడుగుట, బరువుకు తగిన టైర్లు, వెనుక దారి కనబడు పొడవైన అద్దములు, ట్రైలరు దీపములకు ఏడు సూదుల ప్లగ్గు. కొక్కెము క్రింద రెండు గొలుసులు అడ్డముగా మెలివేసి తగిలించినారు. కొక్కెము ఊడినను ముక్కు నేలను తాకక ఆ ఊయలలో పడును. వెనుక ఎఱ్ఱ పట్టీలు మాత్రము మేమే పట్టుబట్టి రెండింతలు అంటించితిమి. చెఱకు కాలములో రాత్రివేళ, దీపము లేని జంట ట్రైలర్లతో పోవు ట్రాక్టర్లను ఈ జిల్లాలో చూడనివారెవరు?

ఒక చిక్కు మిగిలినది. అమ్మగారు గూడుబండిలోవలె పండుకొని పోవచ్చునని తలచినారు. కదలు ట్రైలరులో మనుష్యులుండరాదు. ముందు సీటులో నడుమునకు పట్టీ కట్టుకొని కూర్చుండవలెను. రెండు దినములు ఆమె మాతో సరిగా మాటాడలేదు. మూడవ దినమున ట్రైలరులో సామాను తానే సర్దెదనని బయలుదేరినారు.

సర్దిన పిదప ధర్మకాంటాకు తోలుకొని పోయితిమి. ట్రైలరు 790 కిలోలు తూగినది. ముక్కు బరువును ఇంటి తూనిక యంత్రముపై ఇటుకలు పేర్చి వేరుగా చూచితిమి: 82. అమ్మగారు తన ఇత్తడి బిందె ఎక్కడ ఉన్నదో మరియొక మారు చూచుకొన్నారు. ఇరుసుకు కొంచెము ముందుగా, తాను పెట్టిన చోటనే ఉన్నది. "మా నాయన గూడ ఆడనే పెడుతుండె" అన్నారు.

శివరాత్రికి ముందునాటి తెల్లవారుజామున బయలుదేరుదుము. గంటకు 50 కిలోమీటర్లు దాటరాదని ఉస్తాదుగారి ఆజ్ఞ; గుట్ట దిగునప్పుడు రెండవ గేరు.