తెల్లటి మంచులో తెల్లటి ఎలుగు

కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో, హడ్సన్ అఖాతం ఒడ్డున చర్చిల్ అనే చిన్న ఊరుంది. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉండేది 870 మందే. ఆ ఊరికి రోడ్డు లేదు. విన్నిపెగ్ నుంచి విమానంలో వెళ్ళాలి, లేదా దాదాపు రెండు రోజులు రైల్లో కూర్చోవాలి. అయినా ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో నలుమూలల నుంచీ జనం కెమెరాలు భుజాన వేసుకుని వస్తారు. ఎందుకంటారా? పోలార్ బేర్లను, అంటే ధ్రువపు ఎలుగుబంట్లను చూడడానికి!

వేసవిలో అఖాతంలో మంచు కరిగిపోగానే ఎలుగులు ఒడ్డుకు వచ్చేస్తాయి. మళ్ళీ సీల్ జంతువులను వేటాడాలంటే నీరు గడ్డకట్టాలి. చర్చిల్ నది మంచినీళ్ళు కలిసే ఈ తీరాన నీరు ముందుగా గడ్డకడుతుంది. అందుకే అవి ఇక్కడ చేరి కాచుకుని ఉంటాయి. పెద్ద పెద్ద చక్రాల టండ్రా బగ్గీల్లో కూర్చుని పిల్లలు కూడా వాటిని దగ్గరగా చూడవచ్చు.

ఇక ఫొటోల సంగతి. తెల్లటి మంచులో తెల్లటి ఎలుగును తీస్తే తెల్లగానే వస్తుందనుకుంటాం. తీరా చూస్తే రెండూ బూడిద రంగులో వస్తాయి! ఎదురుగా ఉన్నది మంచో బొగ్గో కెమెరాలోని లైట్ మీటరుకు తెలియదు. ఏది చూపించినా మధ్యరకం బూడిద రంగే అనుకుని లెక్క కడుతుంది. మంచు మీది వెలుగు చూసి, ఎక్కువైందని తగ్గించేస్తుంది. కాబట్టి మనమే పెంచాలి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను +1 దగ్గర మొదలుపెట్టి, అవసరమైతే +2 దాకా వెళ్ళండి. ఫోనయితే ఎలుగు మీద వేలితో తాకి, సూర్యుడి గుర్తును పైకి జరపండి.

అలాగని మరీ పెంచకూడదు. హిస్టోగ్రామ్‌లో ఎడమ అంచు నలుపు, కుడి అంచు తెలుపు. గ్రాఫు కుడివైపుకు జరగాలి గానీ అంచుకు గుద్దుకోకూడదు. గుద్దుకుంటే బొచ్చులోని పోగులన్నీ చెరిగిపోయి తెల్లకాగితమే మిగులుతుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వాటిని తెచ్చిపెట్టలేదు. వెలుతురు మారనంతసేపూ మాన్యువల్ మోడ్‌లో ఉంచితే, ఎలుగు దగ్గరికొచ్చినా లెక్క తప్పదు.

పిల్లలూ, మీకో తమాషా! ఈ ఎలుగు వెంట్రుకలకు అసలు రంగే లేదు. అవి పారదర్శకంగా ఉంటాయి, చర్మమేమో నలుపు. వెలుగు చెదిరి మన కంటికి తెల్లగా, ఒక్కోసారి మీగడ రంగులో కనిపిస్తాయి. ఎక్స్‌పోజర్ సరిగ్గా కుదిరితే మంచు మీద ఆ మీగడ రంగు విడిగా తెలుస్తుంది. ఉదయం, సాయంత్రం పక్కనుంచి పడే ఎండలో ఇంకా బాగుంటుంది. ఫోకస్ మాత్రం కళ్ళ మీదే పెట్టండి.

ఈ ప్రయాణం వాయిదా వేయకపోవడానికి ఒక కారణముంది. పశ్చిమ హడ్సన్ అఖాతంలో 2016లో 842 ఎలుగులుంటాయని అంచనా. 2021 నాటికి ఆ అంచనా 618కి పడిపోయింది. మంచు లేని రోజులు పెరిగేకొద్దీ వాటికి ఉపవాసపు రోజులూ పెరుగుతున్నాయి.

వెళ్ళేటప్పుడు అదనపు బ్యాటరీలు లోపలి జేబులో పెట్టుకోండి, చలికి అవి త్వరగా నీరసిస్తాయి. అన్నట్టు, ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు సున్నం వేసిన గోడ ముందు తాతగారిని మల్లెపువ్వులాంటి పంచెలో నిలబెట్టి ఇదే సూత్రం ప్రయత్నించండి. అక్కడా +1 పనిచేస్తుంది!