ఎర్ర రంగు మీద షక్

"పుల్లటి పండు తింటే గొంతు దురద పెట్టదా? దానికి ఎలర్జీ అని పేరా?" అంటుంది మా అమ్మీ. మా ఖాన్‌దాన్‌లో చాలామంది ఖయాల్ ఇదే. కానీ స్వీడన్‌లో పెరుగుతున్న బాజీ కూతురికి ఒక్క స్ట్రాబెర్రీ ముక్కతోనే పెదాలు ఉబ్బుతాయి. బర్చ్ చెట్టు పుప్పొడి కూడా పడదు. బాజీ పరేషానీ చూసి ఈ సంగతి చదవడం మొదలుపెట్టాను.

ముజ్రిమ్ పులుపు కాదు, ప్రోటీన్. దాని పేరు ఫ్రా ఎ 1. బర్చ్ పుప్పొడిలో బెట్ వి 1 అనే ప్రోటీన్ ఉంది. రెండింటి షకల్ దాదాపు ఒకటే. పుప్పొడితో దుష్మనీ పెంచుకున్న ఒళ్లు, పండులో దాని భాయిని చూసినా అదే దుష్మన్ అనుకుంటుంది.

దీన్ని పట్టుకునే తరీఖా నాకు బాగా నచ్చింది. పండులోని ప్రోటీన్లను జెల్ మీద వేరుచేసి, పల్చటి పొర మీదికి ఎక్కిస్తారు. దాని మీద ఎలర్జీ ఉన్న మనిషి రక్తపు సీరం పోస్తారు. అందులోని ఐజీఈ యాంటీబాడీలు ఏ ప్రోటీన్‌ని అంటుకుంటే దాని మీద షక్. ఒక రకంగా రక్తమే గవాహీ ఇస్తుంది! తర్వాత మాస్ స్పెక్ట్రోమెట్రీతో దాని షినాఖ్త్ తేలుస్తారు.

స్వీడన్‌లోనే, లుండ్ యూనివర్సిటీ వాళ్లు 2006లో ఎర్ర స్ట్రాబెర్రీని, ఎలర్జీ ఉన్నవాళ్లు తినగలిగిన తెల్ల రకంతో పోల్చి చూశారు. తెల్లదాంట్లో ఫ్రా ఎ 1 దాదాపు లేదు. 2010లో ఇంకో తజుర్బా: ఎర్ర పండులో ఫ్రా ఎ ప్రోటీన్లను అణిచేస్తే రంగే వెలిసిపోయింది. అంటే ఆ ప్రోటీన్‌కి పండులో రంగు తయారుచేసే పని ఉంది. మనల్ని సతాయించడానికి పుట్టలేదు పాపం.

ఫ్రా ఎ 1 లాంటివి వేడికి చెడిపోతాయి కాబట్టి, ఈ రకం ఎలర్జీ ఉన్నవాళ్లలో చాలామందికి ఉడికించిన జామ్ పడుతుంది. అయితే స్ట్రాబెర్రీలో ఫ్రా ఎ 3 అనే ఇంకోటి ఉంది. అది వేడికి అంత తేలిగ్గా లొంగదు. ఎవరి ఒంటికి ఏది దుష్మనో తెలియకుండా "జామ్ తినిపించు, ఏం కాదు" అని ఫోన్లో సలహా ఇచ్చే ఖాలాలకు దూరంగా ఉండటమే మంచిది.

బాజీ ఇప్పుడు తెల్ల స్ట్రాబెర్రీ మొక్క కోసం వెతుకుతోంది. "పెంచు బాజీ, కానీ మొదటి ముక్క మాత్రం డాక్టర్ ముందే తినిపించు" అన్నాను.