మాధవమాల ఉలి, రేణిగుంట రౌటర్

రాజమండ్రిలో రాత్రి రైలెక్కి, గూడూరు మీదుగా శ్రీకాళహస్తి చేరాను. అక్కణ్నుంచి ఏర్పేడు మండలంలోని మాధవమాలకు ఆటో. ఎర్రచందనంలో దేవుళ్లను చెక్కే ఊరది. నీళ్లలో వేస్తే మునిగేంత బరువైన కర్రను లొంగదీసే చేతుల్ని చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక.

నా పని సీఎన్‌సీ రౌటర్ మీద తలుపులకు లతలు, నెమళ్లు చెక్కడం. టేకులో సాఫీగా నడిచే యంత్రం నల్లతుమ్మ చేవ దగ్గరికొచ్చేసరికి కీచుమంటుంది. బిట్ అదిరి, చెక్కిన అంచు మీద సన్నటి అలలు పడతాయి. ఆ అలల్ని ఉప్పుకాగితంతో తీయబోతే నెమలి ఈకల గీతలు కూడా పోతాయి.

ఒక ఇంటి అరుగు మీద పెద్దాయన కిరీటం చెక్కుతున్నారు. విగ్రహాన్ని పాదాలతో అదిమి, ఉలిని మొనకు దగ్గరగా పట్టుకున్నారు. అలా ఎందుకని అడిగాను.

"కర్రా కదలగూడదు, ఉలీ ఊగగూడదు నాయనా" అన్నారు, తలెత్తకుండానే.

ఆయన మేనల్లుడికి రేణిగుంట దారిలో రేకుల షెడ్డు, అందులో రౌటర్ ఉన్నాయి. అక్కడికి వెళ్తే, నేను తెచ్చిన తుమ్మచెక్కను బల్లకు నాలుగు మూలలా బిగించి, నడుమ కూడా ఒక స్క్రూ వేశాడు. బిట్‌ను పట్టి ఉంచే కొలెట్ విప్పి, లోపలి పొట్టు బ్రష్‌తో దులిపాడు. పొట్టు ఉంటే బిట్ వంకరగా కూర్చుంటుంది.

"బిట్ ఎంత బయటుంటే అంత ఊగుతాదన్నా" అంటూ కావలసినంతే వదిలి బిగించాడు. లెక్క నిజమే. బయటికి ఉన్న పొడవు సగమైతే బిట్ వంగడం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మందం రెట్టింపైతే పదహారో వంతుకు. అందుకే ముందు లావు బిట్‌తో మోటుగా తీసేసి, సన్న గీతలకు మాత్రం మొదలు లావుగా, కొస గుండ్రంగా ఉండే టేపర్ బిట్ వేశాడు.

తర్వాత చేసింది చాలామంది చేయడానికి జంకే పని. బిట్ తిరిగే వేగం 18,000 నుంచి 12,000 ఆర్‌పీఎంకు దించి, ఫీడ్‌ను, అంటే బిట్ కర్రలో ముందుకు సాగే వేగాన్ని, నిమిషానికి 1,800 మిల్లీమీటర్ల నుంచి 2,400కు పెంచాడు. రెండంచుల బిట్ కాబట్టి ఒక్కో అంచు తీసే పొర 0.05 నుంచి 0.1 మిల్లీమీటరుకు పెరిగింది. పొర మరీ పలచనైతే అంచు కర్రను కోయదు, రాపాడుతుంది. కర్ర కమురుతుంది, బిట్ మొద్దుబారుతుంది, అదురు మొదలవుతుంది. పొర పెంచినందుకు లోతు తగ్గించాడు. కీచు పోయి నిండైన కోత శబ్దం వచ్చింది. పిండిలా రాలే పొట్టు బదులు చిన్న చిన్న పెళ్లలు పడ్డాయి. అంచు మీద గోరు పెట్టి లాగితే ఎక్కడా తట్టలేదు.

మీ యంత్రం గట్టికర్ర మీద అరిస్తే వెంటనే ఫీడ్ తగ్గించకండి. ముందు చెక్క బిగింపు, కొలెట్, బిట్ పొడవు చూడండి. అంకెల జోలికి ఆ తర్వాతే వెళ్లండి.