తాతకు ఒక గది

విజయవాడలో పెద్ద హోటల్లో రెండు రాత్రులు ఉండి వచ్చామంటే మా సీతారామపురంలో చాలామంది నమ్మలేదు. నమ్మినవాళ్లు మంచం ఎట్టుంది, తిండి ఎట్టుంది అని అడిగారు. అవీ చెబుతాం గానీ, ముందు చెప్పాల్సింది ఇంకొకటుంది.

గిరిజన పిల్లల ఇళ్లలో ఉన్న జ్ఞానాన్ని పాఠాల్లోకి తేవాలని ఒక సంస్థ కార్యశాల పెట్టి మమ్మల్ని పిలిచింది. మేం ముగ్గురం యానాది టీచర్లం. మందుమొక్కల గురించి చెప్పడానికి ఒక పెద్దమనిషిని కూడా వెంటబెట్టుకు రమ్మన్నారు. మా కాలనీలో తాత ఉన్నాడు. ఘటిక సిద్ధేశ్వరం వైపు కొండల్లో ఏ ఆకు ఏ కాలంలో దొరుకుతుందో, ఏ వేరు దేనికి పనికొస్తుందో ఆయనకు తెలిసినంత మాకెవరికీ తెలియదు. వయసు డెబ్బై దాటి ఉంటుంది. ఉదయగిరి మీదుగా కావలి చేరి రైలెక్కాం. ఒకే టికెట్టు మీద నలుగురం కాబట్టి రైల్లో ఒకరి గుర్తింపు కార్డు చూపిస్తే సరిపోయింది. అందుకే మాకు ముందుగా అనుమానం రాలేదు.

హోటల్ తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల మార్గశిరం చలి. నేల అద్దంలా మెరుస్తోంది. తాత చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. వేసుకోమని చెప్పాం. మాకూ విప్పాలనే అనిపించింది, అది వేరే మాట.

కౌంటరు దగ్గరున్న అబ్బాయి మర్యాదగా నమస్కారం పెట్టి నలుగురి ఆధార్ కార్డులూ అడిగాడు. మేం ముగ్గురం ఇచ్చాం. తాతకు ఆధార్ లేదు. ఓటరు కార్డైనా చాలన్నాడు. అదీ లేదు. పాత రేషన్ కార్డులో పేరుండేది, ఆధార్ ఇవ్వలేదని అందులోంచీ తీసేశారు. అందుకే ఆయనకు పింఛనూ రాదు.

"గుర్తింపు లేకుండా రూమ్ ఇవ్వలేం సార్. పోలీసులు రిజిస్టర్ చూస్తారు" అన్నాడు.

మేం గొంతు పెంచాం. రాజ్యాంగంలో 15వ అధికరణం గుర్తొచ్చింది. దుకాణాల్లోకి, హోటళ్లలోకి కులం, మతం, జాతి పేరుతో ఎవరినీ రానీయకుండా ఆపకూడదని అందులో ఉంది. హోటల్ అన్న మాట రాజ్యాంగంలోనే ఉందని చెప్పాం.

"మీ కులం నేను అడగలేదు కదా సార్" అన్నాడు ఆ అబ్బాయి.

నిజమే, అడగలేదు. మా దగ్గర జవాబు లేకపోయింది.

సంస్థ వాళ్లకు ఫోన్ చేసి రెండు గంటలు సోఫాలో కూర్చున్నాం. తాత చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నాడు: "మా నాయన్ని రాత్రయితే ఠాణా కాడ పండుకోమనేవాళ్లంట అబ్బయ్యా. ఆడ ఏ కాగితమూ అడగలా. రాకపోతేనే కొట్టేవాళ్లంట."

ఇది తాత ఒక్కడి ఇంటి కథ కాదు. తెల్లదొరలు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. నెల్లూరు జిల్లాలో యానాదుల్లో, ఎరుకలలో ఎంతోమంది పేర్లు పోలీసు రిజిస్టర్లలోకి ఎక్కాయి. వేలిముద్రలు తీసుకున్నారు. చెప్పకుండా ఊరు దాటితే నేరం. మేం రైలెక్కిన కావలిలో ఎరుకల సెటిల్‌మెంట్ ఉండేది. బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్పలోనూ సెటిల్‌మెంట్ ఉండేది. వెన్నెలకంటి రాఘవయ్య గారి వంటివాళ్లు ఆ చట్టం పోవాలని పాటుపడ్డారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో, 1952 ఆగస్టు 31న దేశమంతటా అది రద్దయింది.

అప్పుడు మా పేర్లు రాసిపెట్టి ఊరు కదలనీయలేదు. ఇప్పుడు పేరు ఎక్కడా రాసి లేదని లోపలికి రానీయడం లేదు. ఆ అబ్బాయి మీద మాకు కోపం లేదు. ఆ రూలు అతను రాసింది కాదు.

రాత్రి పదింటికి సంస్థ పెద్ద ఒకాయన వచ్చి, తాత బాధ్యత తమదేనని కాగితం మీద సంతకం పెట్టారు. అప్పుడు గది ఇచ్చారు. ఆయన మంచివారు, పరుగెత్తుకొచ్చారు. కానీ తాత లిఫ్టులో మెల్లగా అన్నాడు: "మా నాయనకీ ఇంతే. ఆసామి పూచీ పడితేనే పక్కూరికి పోనిచ్చేవాళ్లంట."

గదిలో కార్డు గోడకున్న సందులో పెడితేగానీ లైటు వెలగలేదు. "దీపానికి కూడా కార్డు కావాల్నా?" అని తాత నవ్వాడు. కిటికీ తెరవబోతే అది తెరుచుకునే కిటికీ కాదు. స్నానాల గదికి గోడ బదులు అద్దం ఉంది. దానికి దుప్పటి కట్టుకున్నాం. ఇంత మెత్తటి మంచం మీద తాతకు నిద్ర రాదేమో, కింద పరుచుకుంటాడేమో అనుకున్నాం. పడుకున్న కాసేపటికే గురక పెట్టాడు. నిద్రపట్టనిది మాకే.

మర్నాడు తాత గంటన్నర మాట్లాడాడు. అందరూ ఫోన్లలో రికార్డు చేసుకున్నారు. చివర్లో పేరు అచ్చువేసిన ప్రశంసాపత్రం ఇచ్చారు. తాత పేరు మీద ఉన్న కాగితం అదొక్కటే.

ఊరికొచ్చాక మా కార్డులు తీసి చూసుకున్నాం. మా ముగ్గురి పుట్టినరోజులూ జూన్, జూలై నెలల్లోనే ఉన్నాయి. మా అమ్మలకు మేం పుట్టిన తేదీలు తెలియవు. బడిలో చేర్చుకున్నరోజు అయ్యవారు మనిషిని చూసి వేసిన తేదీలవి. ఆ కౌంటరు మీద మా కార్డులు చెల్లాయంటే ఒకప్పుడు ఎవరో అయ్యవారు మా పేర్లు రిజిస్టర్లో రాసినందుకే. తాత పేరు ఎవరూ రాయలేదు. ఆయన బడికి పోవాల్సిన వయసులో మేకల వెంట పోయాడు.

తాతను ఆధార్ కేంద్రానికి తీసుకుపోయాం. ప్రశంసాపత్రం జాగ్రత్తగా మడిచి తెచ్చాడు. అది చెల్లదన్నారు. వేళ్లు అరిగిపోయి ముద్రలు సరిగా పడలేదు. వాళ్ల నాయన వేలిముద్రలు మాత్రం పోలీసులకు బాగానే పడి ఉంటాయి. కంటిపాప ఫొటో తీశారు. వయసుకు ఆధారం కావాలని తిప్పారు. నాలుగుసార్లు తిరిగాం. దరఖాస్తు తీసుకున్నారు. కార్డు ఇంకా రాలేదు.

మా కాలనీలో తాత లాంటి వాళ్లు ఇంకా ఉన్నారు. బడికి రాని పిల్లలూ ఉన్నారు. ఈ పుస్తకం చదివే టీచర్లకు ఒక మనవి. వచ్చే జూన్‌లో బడి తెరిచినప్పుడు, మన రిజిస్టర్‌లో లేని పిల్లల కోసం ఒకసారి ఇల్లిల్లూ తిరగండి. ఆ ఇంట్లో ముసలివాళ్ల దగ్గర ఏ కాగితాలున్నాయో కూడా అడగండి. మా తాత కోసం మేం డెబ్బై ఏళ్లు ఆలస్యంగా వెళ్లాం.